చారల వరాహం

ఉండమట్ల బుల్లబ్బాయి జన్మలో ప్రభుత్వాన్ని అడిగింది ఒకే ఒక్కటి. ఒక తుపాకీ మనిషిని పంపమన్నాడు. అంతకుమించి ఏమీ అడగలేదు పాపం. రోడ్డు అడగలేదు, బోరు అడగలేదు, అప్పు మాఫీ చెయ్యమని కూడా అనలేదు. ఒక్క తుపాకీ, దాని వెనకాల ఒక్క మనిషి. అదే కొంప ముంచింది.

వంగలగూడెం మెట్టలో, సరిగ్గా అడవి అంచున, అతనికి మూడెకరాల మొక్కజొన్న ఉంది. రెండేళ్ళుగా పొత్తులు పాలు పోసుకునే వేళకల్లా అడవి పందులు దిగేవి. తిన్నంత తిని, తినలేనంత తొక్కి, తెల్లారేసరికి వెళ్ళిపోయేవి. బుల్లబ్బాయి డబ్బాలు వాయించాడు. గట్ల చుట్టూ పాత చీరలు కట్టాడు. మంచె వేసుకుని దాని మీద కూచుని అరిచాడు. అరిచి అరిచి గొంతు పోయింది గాని పందులు పోలేదు. ఆ మందలో ఒక ముసలి పందికి అతని అరుపు ఎంత అలవాటైపోయిందంటే, అరుపు వినపడకపోతే అది సరిగ్గా తినేదే కాదని మంగతాయారు అంటుంది. మంగతాయారు అతని భార్య. మనిషి మొగుడి పక్షమే, నోరు మాత్రం ఎవరి పక్షమూ కాదు.

"ఈ ఏడు కూడా పోతే కూలికెళ్ళడమే మావా," అంది ఆమె ఒకరోజు, మామూలుగా వేళాకోళం ఆడే గొంతుతో కాదు. ఆ మాట గుండెల్లో ముల్లులా దిగింది బుల్లబ్బాయికి. సోమవారం అర్జీలు తీసుకునే రోజని తెలుసుకుని, ఆ పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని మండలం ఆఫీసుకి బయల్దేరాడు.

"పందుల్ని కొట్టడానికి ఒక తుపాకీ ఆయన్ని పంపండి బాబూ. ఒకళ్ళు చాలు," అన్నాడు చేతులు కట్టుకుని.

అర్జీ మండలంలో ఉన్నంతసేపూ 'పందుల బెడద'గానే ఉంది. జిల్లాకి వెళ్ళేసరికి 'మానవ–వన్యప్రాణి సమస్య' అయింది. రాజధానికి చేరేసరికి 'అవకాశం' అయిపోయింది. ఒకళ్ళు చాలన్న ముక్క ఏ మెట్టు మీద జారిపోయిందో ఇవాళ్టిదాకా ఎవరికీ తెలీదు.

నెల తిరక్కుండా ఊళ్ళో శామియానా లేచింది. వరాహ వినోద మండలి అనే కొత్త సంస్థ పుట్టిందనీ, దానికి ప్రత్యేక అధికారిగా శ్రీ చిరంతన్ రావు గారు వచ్చారనీ మైకులో చెప్పారు. చిరంతన్ రావు గారు పుట్టుకతో తెలుగువారే. పెరిగింది భోపాల్లో. ఉద్యోగం కోసం తెలుగు నిఘంటువు ముందేసుకుని కష్టపడి నేర్చుకున్నారు. అందువల్ల ఆయన మాట్లాడే తెలుగు ఊళ్ళో పూజారి గారికి ఒక్కరికే, అదీ సగం, అర్థమయ్యేది.

"కర్షక సోదరులారా!" అన్నారాయన. "మీ క్షేత్రములయందు సంచరించునవి పందులని మీరు భ్రమపడుచున్నారు. అవి పందులు కావు, వరాహములు! పూర్వము వరాహమనగా నేమి? బంగారు నాణెము. మీ చేలలో రాత్రింబవళ్ళు బంగారు నాణెములు నాలుగు కాళ్ళతో పరుగిడుచుండగా, మీరు డబ్బాలు వాయించి తరుముచున్నారు!"

"అంత బంగారమైతే ఓ నాలుగు నువ్వే పట్టుకుపో నాయనా," అంది మంగతాయారు. మెల్లిగా అనడం ఆమెకి చేతకాదు. ముందు వరసలో ఉన్న వాళ్ళు అది మెచ్చుకోలనుకుని చప్పట్లు కొట్టారు.

సంగతి ఏమిటంటే, పట్నాల్లో తుపాకీ లైసెన్సులుండి, కాల్చడానికి ఏమీ దొరక్క, వాటిని దసరాకి తుడిచి పూజచేసి మళ్ళీ బీరువాలో పెట్టుకునే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. ఇటు చూస్తే కాల్చమని బతిమాలుతున్న బుల్లబ్బాయి ఉన్నాడు. ఈ ఇద్దర్నీ కలిపితే చాలు, దేశం బాగుపడుతుందని మండలి లెక్క. బుల్లబ్బాయి మూడెకరాలకి 'ప్రథమ వేట క్షేత్రం' అని పేరు పెట్టారు. అర్జీ పెట్టినవాడు కాబట్టి అతనికి శాలువా కప్పారు. కప్పుతూ ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నారు. శాలువా మెళ్ళో ఉండగా కాగితం చదివే అలవాటు మనవాళ్ళకి లేదు కదా.

తర్వాత కంచె వేశారు. ఇంత ఎత్తు ఇనుప కంచె. పందులు రాకుండా వేస్తున్నారనుకుని, వేసేవాళ్ళకి బుల్లబ్బాయి స్వయంగా మజ్జిగ పోశాడు. తీరా చూస్తే ఆ కంచె మనుషులు రాకుండా. పందుల కోసం అడుగున, నాలుగు పక్కలా, మోకాలెత్తు కంతలు వదిలి, ఒక్కోదాని మీదా 'వరాహ ద్వారం' అని బోర్డు పెట్టారు. మనుషుల కోసం ఒక గేటు. ఆ గేటు దగ్గర కాపలాకి మంగతాయారు తమ్ముడు సింహాచలాన్ని వేసుకున్నారు. సింహాచలం ఏ పనిలోనూ నిలబడని మనిషి. ఇన్నాళ్ళకి నిలబడటమే పనైన ఉద్యోగం దొరికింది. ఖాకీ చొక్కా, ఈల, చేతికి కర్ర ఇచ్చారు. మర్నాటి నుంచి వాడి నడక మారిపోయింది.

వేట మొదలైంది. మొదలవడమేమిటి, తిరణాలే! ఊరి మొదటి ఇంటి దగ్గర నుంచి చేను దాకా కార్లు. దిగినవాళ్ళంతా ఆకుపచ్చ మచ్చల చొక్కాలూ, మచ్చల పంట్లాలూ, మచ్చల టోపీలూ. చెట్ల మధ్య చెట్టులా కనపడాలట. అందరూ చెట్లే కావడంతో ఒక చెట్టు కాలు ఇంకో చెట్టు తొక్కడం, "కళ్ళు కనపడట్లేదా?" అని మొదటి చెట్టు కసరడం, పొద్దంతా ఇదే గొడవ. సిల్వర్ టిక్కెట్టు కొన్నవాడు గట్టు మీద నిలబడొచ్చు. గోల్డ్ టిక్కెట్టువాడు కూర్చోవచ్చు. డైమండ్ టిక్కెట్టు కొంటే బుల్లబ్బాయి మంచె మీద పరుపేసి పడుకోబెట్టేవారు. అతను మూడు వెదురు బాదులూ ఇంత తాటాకూ పెట్టి వేసుకున్న మంచెకి 'గగన వీక్షణ వేదిక' అని పేరొచ్చింది. గట్టు కింద పుణుగుల బండి, చెరుకు రసం మిషను, పందిలా గుర్రుమనడం నేర్పే శిక్షణా తరగతులు వెలిశాయి. ఆ తరగతులకి పెళ్ళాంబిడ్డలతో సహా వచ్చేవారు.

ఈ హడావిడి చూసిన మొదటి సాయంత్రమే పందులు మందతో సహా పక్క మండలానికి వెళ్ళిపోయాయి. ఎంతైనా అడవిలో పుట్టినవి, వాటికి జనమంటే భయం. ఆ ముసలి పంది కూడా, గొంతు తెలిసిన మనిషి లేడని కాబోలు, వెళ్ళిపోయింది.

బుల్లబ్బాయి కంచె బయట నిలబడి చూసేవాడు. నిజం చెప్పుకోవాలంటే ఆ రోజుల్లో అతనికి ఎంత సంతోషంగా ఉండేదో! రెండేళ్ళ తర్వాత మొదటిసారి పొత్తు పొత్తుగా ఉంది. కండె నిండా గింజ. ఎవరో కట్టి వెళ్ళినట్టు వరస తప్పకుండా. "చిరంతన్ రావు గారు దేవుడే," అన్నాడు భార్యతో.

"దేవుడు గేటు తాళం సింహాచలానికి ఇచ్చాడు మావా, అది మర్చిపోకు," అంది మంగతాయారు.

పందులు లేవు. తుపాకులున్నాయి. వేలికి దురద ఉంది. ఒక మధ్యాహ్నం చేలో ఏదో కదిలిందని ఒక కాంట్రాక్టరు గారు ఢామ్మని పేల్చారు. పక్క వరసలో పొట్లం విప్పుకుని పులిహోర తింటున్న ఒక డాక్టరు గారి టోపీ ఎగిరి చెరుకు రసం బండి మీద పడింది. అదృష్టం బాగుండి తల డాక్టరు గారి దగ్గరే ఉండిపోయింది. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. "జనసమ్మర్ద కారణమున, ఇకపై వేట నిరాయుధముగా జరుగును. తుపాకులు ద్వారమున అప్పగించవలెను. షూటింగు మాత్రము చరవాణులతో యథాప్రకారము కొనసాగును."

తుపాకులన్నీ గోనె సంచుల్లో కట్టి సింహాచలం కుర్చీ కింద పడేశారు. వేటగాళ్ళు ఫోన్లు పట్టుకుని లోపలికి వెళ్ళడం మొదలెట్టారు. ఇక తగ్గుతారులే అనుకున్నాడు బుల్లబ్బాయి. తగ్గడమా! తుపాకీ అక్కర్లేదంటే ఇక లైసెన్సు మాత్రం ఎందుకు? తుపాకీ మొహం చూడనివాళ్ళు కూడా వేటగాళ్ళైపోయారు. కాలేజీ పిల్లలు, పెళ్ళి ఫోటోలు తీయించుకునే జంటలు, ఒకసారైతే భజన బృందం మొత్తం. చేలో పంది తప్ప అందరూ ఉన్నారు.

అయితే వేటకి వెళ్ళినవాడు ఉత్త చేతులతో ఇంటికి ఎలా వెళ్తాడు? ఇరుగుపొరుగు నవ్వరూ? తిరుగు దారిలో సెంటర్లో కార్లు ఆగేవి. అక్కడ మస్తాన్ సాయిబు కొట్టుంది. కొట్టు మీద ఆయన తాతల నాటి నుంచి ఒకటే బోర్డు: 'మస్తాన్ వేట మాంసం'.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. గోదావరి జిల్లాల్లో వేట మాంసమంటే మేకపోతుదో పొట్టేలుదో, అంతే. దానికీ అడవికీ ఏ సంబంధమూ లేదు. అల్లుడొచ్చాడంటే వేట మాంసం, ఆదివారమంటే వేట మాంసం. ఎందుకలా అంటారని ఎవరూ అడగరు, ముక్క మెత్తగా ఉడికిందా లేదా అనే అడుగుతారు. వేటగాళ్ళు అదే కొనుక్కుని, ఆకులో కట్టించుకుని, "వేట మాంసం తెచ్చానే!" అని గుమ్మంలోంచి కేకేసుకుంటూ ఇళ్ళకి వెళ్ళేవారు. అబద్ధమాడినట్టూ లేదు, పరువు పోయినట్టూ లేదు.

ఒక ఆదివారం చిరంతన్ రావు గారి జీపు ఆ సెంటర్లోంచి వెళ్తూ ఆగిపోయింది. బోర్డు చూశారు. బోర్డు కింద మచ్చల చొక్కాల బారు చూశారు. దిగి, మస్తాన్ సాయిబు దగ్గరకి నడిచారు.

"అయ్యా, ఇది వేట మాంసమేనా?"

"ఆయ్! అసలు సిసలు వేటేనండి," అన్నాడు మస్తాన్ సాయిబు కత్తి ఆపకుండా. "మా కొట్లో ఇంకోటి ఉండదండి."

"మన క్షేత్రము నుండి విచ్చేసిన వారేనా వీరందరు?"

"అందరూ అక్కడ్నుంచే వస్తున్నారండి. మీ దయ వల్ల బేరం బాగుందండి. ఇవాళ పొద్దుటేళకే ఎన్నో తెగాయండి, ఇంకా సరిపోవట్లేదు."

చిరంతన్ రావు గారికి కళ్ళు చెమర్చాయి. నిఘంటువులో వేట అంటే మృగయ. మృగయ అంటే వేట. మధ్యలో మేకపోతు ఎక్కడా లేదు. ఆ పూటే రాజధానికి నివేదిక వెళ్ళింది. నిరాయుధ వేట ప్రపంచంలోనే మొదటిసారిగా దిగ్విజయం సాధించిందనీ, వరాహ మాంసానికి ప్రజలు బారులు తీరుతున్నారనీ, క్షేత్రంలో పందులు అక్షయంగా పుడుతున్నాయనీ రాశారు. జవాబుగా అభినందనలు వచ్చాయి. వేట గడువు ఎండాకాలం చివరిదాకా పొడిగించారు. అన్ని పందులకి తిండి కావాలి కాబట్టి, గడువు అయ్యేదాకా మొక్కజొన్న కొయ్యకూడదని హుకుం జారీ చేశారు. దానికి 'వరాహ ఆహార భద్రత' అని పేరు.

ఈ హుకుం సంగతి బుల్లబ్బాయికి గేటు దగ్గర తెలిసింది. పొత్తు ఎండి, పైపొర తెల్లబడి, గలగలమంటోంది. ఒలిచే మిషను ఊళ్ళోకి వచ్చి ఉంది. పడమటి దిక్కున రెండు రోజుల నుంచి మబ్బు పడుతోంది. అకాల వాన ఒక్కటి పడితే గింజ కండె మీదే మొలకెత్తిపోతుంది. బుల్లబ్బాయి కొడవలి, గోనె సంచులు పట్టుకుని గేటు దగ్గరకి వెళ్ళాడు.

"సింహాచలం, తియ్యరా గేటు."

"పాసుందా బావా?"

"పాసేంట్రా నా చేలోకి!"

"చేను కాదు బావా, క్షేత్రం," అన్నాడు సింహాచలం కర్ర ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటూ. "స్లాట్లు వైశాఖం దాకా నిండిపోయాయి. మనోడివి కాబట్టి వెయిటింగులో పెడతాను."

"ఒరే, నీ పెళ్ళికి ఉంగరం పెట్టింది ఎవర్రా?"

"అది ఇంటి సంగతి బావా. ఇది డ్యూటీ."

"మరి ఆ కంత ఎవరికిరా?"

"అది పందులకి. పందికి పాసు అక్కర్లేదు. మేం అడగం కూడా."

వీడితో లాభం లేదని, బుల్లబ్బాయి మండలి ఆఫీసుకి వెళ్ళాడు. చిరంతన్ రావు గారు కుర్చీ వేయించారు, మంచినీళ్ళు ఇప్పించారు. మర్యాదకేమీ లోటు లేదు.

"అయ్యా, దున్నింది నేనండి, నాటింది నేనండి, నీళ్ళు పెట్టింది నేనండి," అన్నాడు బుల్లబ్బాయి.

"అందులకు మండలి మిమ్ము ప్రశంసించుచున్నది. అయినను కర్షకుడు క్షేత్రమునకు బాహ్యుడు. వరాహమో, అది సహజ హక్కుదారు."

"వాన పడితే పంటంతా పోద్దండి బాబూ. నా ఇల్లు మునిగిపోద్దండి."

"వర్షము వరాహములకు ప్రీతిపాత్రము. బురద యేర్పడును."

బుల్లబ్బాయికి ఒళ్ళు మండిపోయింది. కుర్చీలోంచి లేచాడు. "పోనీ, లోపలికొచ్చింది పందో కాదో ఎవరు తేలుస్తారండి?"

"మండలియే! వరాహ ద్వారమున ప్రవేశించిన జీవి యెల్ల వరాహముగనే పరిగణింపబడును. అది నియమావళి. చర్చకు తావు లేదు."

బయటికి వస్తుంటే వరండాలో గుమాస్తా జాలిగా చూశాడు. "ఎందుకండీ పెద్దాయనా వాదన? మా సారు నందంటే నంది, పందంటే పంది. మేమంతా అలాగే నెట్టుకొస్తున్నాం."

ఇంటికి వచ్చి జరిగింది చెప్పాడు. మంగతాయారు అన్నం వడ్డిస్తూ వింది. విని, గరిట గిన్నెలో పడేసింది. "పందికున్న పాటి విలువ మనిషికి లేనప్పుడు పందిగా పుట్టినా బాగుండును," అంది. కోపంలో అన్న మాట. బుల్లబ్బాయి ముద్ద నోటి దగ్గర ఆపి, ఆమె కేసి చాలాసేపు చూశాడు.

మర్నాడు తెల్లవారుతూనే, నీలం చారల లుంగీ ఎగ్గట్టి, కొడవలి మొలలో దోపి, గోనె సంచి నడుముకి కట్టుకుని, బుల్లబ్బాయి వరాహ ద్వారం ముందు నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాడు.

సింహాచలం వచ్చాడు. వంగి చూశాడు. "బావా?"

బుల్లబ్బాయి కంతలోకి తల దూర్చాడు.

"బావా, నువ్వేనా?"

"గుర్ర్," అన్నాడు బుల్లబ్బాయి.

సింహాచలం అటూ ఇటూ చూశాడు. నియమావళి వాడికి కంఠతా వచ్చు. పందిని ప్రశ్నించరాదు. అడ్డగించరాదు. వాడు నెమ్మదిగా అటు తిరిగి నిలబడి, గాలితో మాట్లాడుతున్నట్టు అన్నాడు: "పైన తీగ ఉంది. వీపు గీరుకుపోద్ది. ఇంకాస్త వంగితే మంచిది." వాడికీ అక్కే కదా, ఆ ఇంట్లో ఉన్నది.

మోకాళ్ళ మీదే మొక్కని వంచి, పొత్తు విరిచి, సంచిలో వేసి, నిండిన సంచిని ఈడ్చుకుంటూ కంతలోంచి బయటికి తోస్తే, అవతల మంగతాయారు బండిలోకి ఎత్తేది. రెండో రోజు ఆమె కూడా చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగింది. మూడో రోజు పక్క చేల వాళ్ళు దిగారు. ఒకడి పంట పోతే రేపు తమదీ ఇంతేనని వాళ్ళకి తెలుసు. సింహాచలం ఒక్కొక్కళ్ళకీ సలాం కొట్టి లోపలికి పంపేవాడు. మంగతాయారు మాత్రం గుర్రుమనేది కాదు. "నన్ను ఆపమను చూద్దాం మీ నియమావళిని," అనేది. ఎవరూ ఆపలేదు.

నాలుగో రోజు మంచె మీద డైమండ్ టిక్కెట్టు మీద పడుకున్న ఒక బట్టల షాపు యజమానికి మెలకువ వచ్చింది. కింద మొక్కల సందున ఏదో పాకుతోంది. పెద్దది. నల్లటి వీపు. వెనక భాగాన నీలం చారలు! పరుపు మీంచి లేవకుండానే ఫోటో తీశాడు. ఫోటో మసకగా వచ్చింది గాని చారలు మాత్రం పుష్కలంగా ఉన్నాయి. సాయంత్రానికి అది రాష్ట్రమంతా తిరిగింది. టీవీలో ఒక నిపుణుడు గారు చారలు కర్రతో చూపించి, మంచుయుగంలో కనుమరుగైందనుకున్న జాతి ఇదేనన్నారు. ఇంకో నిపుణుడు గారు కాదు, దానికి పిన్నతల్లి జాతన్నారు. ఇద్దరూ తిట్టుకున్నారు. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది.

ఇక జనం చూడాలి! సిల్వర్ టిక్కెట్టు మీద ఒంటికాలితో నిలబడటానికే చోటు దక్కేది. నీలం చారల లుంగీలు బండ్ల మీద అమ్మకానికొచ్చాయి, 'చారల వరాహం' అని అచ్చు వేసి. ఆ గొడవలో లుంగీల మధ్య లుంగీ ఎవరిదో ఎవరికీ పట్టలేదు. బుల్లబ్బాయి నిశ్చింతగా కోసుకుంటూ పోయాడు. రద్దీ భరించలేక చిరంతన్ రావు గారు చివరికి వేటగాళ్ళందర్నీ బయటికి పంపి, క్షేత్రాన్ని చారల వరాహానికి మాత్రమే కేటాయించారు. ఆ ఉత్తర్వు వచ్చిన రోజున చేలో ఆఖరి వరస కూడా అయిపోయింది.

మబ్బు విరగబడుతుండగా ఆఖరి సంచి ఇల్లు చేరింది. వాకిలి నిండా కండెలు, పసుపు రాశి పోసినట్టు. బుల్లబ్బాయి దాని మీద టార్పాలిన్ కప్పి, రాళ్ళు పెట్టి, నడుం నిమురుకుంటూ అరుగు మీద కూలబడ్డాడు. ఏడుపు వచ్చేసింది అతనికి. రెండేళ్ళుగా ఇంటికి రాని పంట! మంగతాయారు కొంగుతో అతని మొహం తుడిచి, "ఛీ, పందులు ఏడుస్తాయా ఎక్కడన్నా?" అంది. తనూ ముక్కు చీదింది.

సరిగ్గా అప్పుడే జీపు ఆగింది. వరాహ ద్వారం నుంచి దారి పొడవునా రాలిన కండెల జాడ పట్టుకుని చిరంతన్ రావు గారు వచ్చారు. చారల వరాహం గుహ కనుక్కుందామని ఆయన ఆశ. జాడ తిన్నగా బుల్లబ్బాయి వాకిట్లోకి వచ్చి ఆగింది.

"ఈ కండెలు ఇచ్చటికెట్లు చేరెను?"

"పందులు తెచ్చాయండి," అన్నాడు బుల్లబ్బాయి. ఒక్క మాట తేడా వస్తే లారీ తెచ్చి అంతా ఎత్తుకుపోతారు.

"వరాహములు గృహమునకేల తెచ్చును?"

"వాటికీ ఓ ఇల్లూ వాకిలీ ఉంటాయి కదండీ మరి!" అంది మంగతాయారు.

గాలి లేచింది. దండెం మీద ఆరేసిన లుంగీ రెపరెపలాడి, బారుగా విచ్చుకుంది. నీలం చారలు. చిరంతన్ రావు గారు లుంగీని చూశారు. బుల్లబ్బాయి కొట్టుకుపోయిన మోకాళ్ళని చూశారు. మళ్ళీ లుంగీని చూశారు. అరుగు మీద, కండెల మట్టిలోనే, కూచుండిపోయారు. కాసేపటికి ఆయన నోట నిఘంటువులో లేని తెలుగు వచ్చింది.

"మంత్రిగారు ఎల్లుండి వస్తున్నారండీ, పందిని చూడ్డానికి," అన్నారు గొంతు తగ్గించి. "పంది లేదంటే నా ఉద్యోగం పోతుందండీ. ఆడపిల్ల చదువు మధ్యలో ఉంది."

బుల్లబ్బాయికి జాలేసింది. తోటి మనిషి కష్టం తెలియని వాడు కాదు. "లేకపోవడమేంటండీ? ఉంది కదా," అన్నాడు. "తమరు నందంటే నంది, పందంటే పంది. ఈ కండెల జోలికి రాకండి, ఎల్లుండి గుర్రుమనడం నా పూచీ."

చిరంతన్ రావు గారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. వాన మొదలైంది. టార్పాలిన్ మీద టపటపమని పడింది గాని లోపల ఒక్క గింజ తడవలేదు.

మంత్రిగారు వచ్చారు, దూరం నుంచి దుర్భిణితో చూశారు, పులకించారు. బుల్లబ్బాయి మాట తప్పలేదు. చిరంతన్ రావు గారు కూడా తప్పలేదు, ఆ మాటకొస్తే ఒక ఆకు ఎక్కువే చదివారు. కండెలు ఒలిపించుకుని, గింజ అమ్ముకుని, నాలుగో రోజు సాయంత్రం బుల్లబ్బాయి ఈలేసుకుంటూ ఇంటికి వచ్చేసరికి, ఇంటి చుట్టూ ఇనుప కంచె ఉంది. కంచెకి బోర్డు ఉంది. 'చారల వరాహ ఆవాసం. మనుషులకు ప్రవేశం నిషిద్ధం.' అడుగున మోకాలెత్తు కంత ఉంది. కంత పక్కన కొత్త బూట్లతో సింహాచలం ఉన్నాడు. ప్రమోషనట.

"పాసుందా బావా?" అన్నాడు వాడు, ఎటో చూస్తూ.

లోపల్నుంచి వేట మాంసం కూర వాసన గుప్పుమంటోంది. పంట డబ్బు ఇల్లు చేరిన రోజున వండుతానని మొక్కుకుందట మంగతాయారు. బుల్లబ్బాయి బోర్డు కేసి ఒకసారి, బావమరిది కేసి ఒకసారి చూశాడు. తువ్వాలు నడుముకి బిగించాడు. ఉస్సురంటూ మోకాళ్ళ మీదికి వంగాడు.

"గుర్ర్," అన్నాడు.

వంటింట్లోంచి కేక వినపడింది.

"వచ్చావా మావా? కాళ్ళు కడుక్కుని రా. నాలుగూనూ!"